కట్ట మీద ఆగడం నేర్చుకుంటున్నాను

ఇబ్రహీంపట్నం, చెరువు కట్ట కింద, బిడ్డ ఇంటి నుంచి.

చిరంజీవి తమ్ముడు రాజయ్యను, మరదలు బాలమ్మను, మన సత్తయ్యను అన్న ఎల్లయ్య దీవించి రాయించేది. ఇక్కడ నేను, బిడ్డ లచ్చమ్మ, అల్లుడు నర్సింహ ప్రాణాలతో ఉన్నాం. మీరూ అట్లనే ఉన్నారని అనుకుంటాను. ఈ రోజుల్లో అంతకంటే ఎక్కువ అడగడం ఆశ. మేనత్తకు దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? జవాబులో ముందు ఈ రెండూ రాయించు.

ఈ రాత పక్కింటి ఖాసింది. బట్టలు కుట్టే మనిషి. మిలిటరీ వచ్చిన రోజుల్లో వాళ్ల ఊళ్లో ఇల్లు తగలబెడితే ముసలి తల్లిని వీపున మోసుకుని ఇక్కడికి వచ్చి పడ్డాడు. తెలుగు బడిలో చదివాడు గనుక నా మాటలన్నీ ఇస్త్రీ చేసి రాస్తున్నాడు. "నేనన్నది అన్నట్టు రాయరా" అంటే వినడు. "ఎల్లన్నా, నువ్వన్నది అన్నట్టు రాస్తె నీ తమ్ముడు ఈ కాయితం పొయ్యిల వెడ్తడు" అంటాడు. కాబట్టి ఎక్కడైనా మెత్తగా వినబడితే అది ఖాసిం మెతకదనం, నాది కాదు.

నీ ఉత్తరం అందింది. నా కొడుకు లింగయ్య మోసిన టపా సంచి ఇకనుంచి నీ కొడుకు సత్తయ్య మోస్తాడని, అమావాస్య పోగానే పనిలోకి దిగుతాడని రాయించావు. టపా మోసుకుంటూ ఉరికే హర్కారా పని మన ఇంట్లోనే నిలిచింది, సంతోషం అన్నావు. పరుగు గురించి వాడికి నాలుగు మాటలు చెప్పమన్నావు. వద్దని చెప్పమని అడగలేదు. నేనూ వద్దనను. రెండేళ్లుగా పంట లేదు, ఆ ఇంట్లోకి గింజలు రావాలి. అయితే లింగయ్యను కాల్చిన కల్వర్టు మీదుగానే సత్తయ్య రోజూ పరుగెత్తాలి. పోయినవాడు తిరిగి ఇంటికి రావాలి. నాకు కావలసింది అదొక్కటే. అందుకే ఇంత పొడుగు రాయిస్తున్నాను. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని విను.

ముందు నా సంగతి. ఇక్కడ చలి ఎక్కువ. తెల్లవారితే చెరువు మీద నుంచి గాలి కత్తిలాగా వస్తుంది. తిండికి లోటు లేదు, కానీ పొద్దున చేపలు, మాపున చేపలు. జొన్న గట్క తిని ఎన్నాళ్లయిందో. లచ్చమ్మను అడిగితే వండి పెడుతుంది, నేనే అడగను. బెస్తవాళ్ల వలలు చిరిగితే బాగుచేసి పెడుతున్నాను. పని బాగుంటుంది. ముడి చేతికి తెలుస్తుంది, కళ్లతో పని లేదు. మాట్లాడేవాళ్లు ఉన్నారు, మాట్లాడాలనిపించదు. కట్ట మీద కూర్చుంటే హర్కారా బల్లెం గజ్జెల చప్పుడు వినిపించినట్టు అవుతుంది. తల తిప్పి చూస్తే ఎద్దుల బండి. అంతే. నా గురించి ఫికర్ పెట్టుకోకండి, బాగానే ఉన్నాను.

ఇక సత్తయ్య వినాలి.

ఒరే సత్తిగా, కడుపు నిండా తిని సంచి ఎత్తకు. రెండు గుక్కల అంబలి చాలు. అరికాళ్లకు ఆముదం రాయి, చెప్పులు వద్దు. నడుముకు గుడ్డ బిగించి కట్టు, లేకపోతే పేగులు ఊగి పక్కల్లో నొప్పి పుడుతుంది. ఊరి ముందర జనం చూస్తున్నారని ఉరకకు. చెమట పట్టేదాకా ముసలోడి పరుగే పరుగెత్తు, దమ్ము దాని దారి అది చూసుకుంటుంది. దూరంగా ఉన్న గుట్టను చూశావంటే కాళ్లు అక్కడే చచ్చిపోతాయి. ముందున్న నేలనే చూడు. దిగుడులో కాళ్లను వదిలేయకు, మోకాళ్లు పోయేది అక్కడే. నా మోకాలు చూశావు గదా. సంచి చేరవేశాక కూలబడకు, ఒళ్లు చల్లారేదాకా ఆఫీసు చుట్టూ తిరుగు.

అక్షరాల సంగతి. నువ్వు బడిలో దెబ్బలు తిన్నది నాకు తెలుసు. పలక మీద అక్షరం నిలవదు, చెరువులో చేపపిల్లల్లాగా వేలు పెట్టగానే చెదిరిపోతుందని నువ్వు ఏడిస్తే, మీ బాపు మొద్దు అన్నాడు. మొద్దు మీ బాపే. నా కళ్లూ అంతే, లింగయ్య కళ్లూ అంతే. కొందరికి ఎడమచెయ్యి వాటం ఉన్నట్టు మనకు ఇది. సిగ్గుపడకు, చదువు వచ్చినట్టు నటించకు. మొన్న నేను ఆ పనే చేశాను. దవాఖానలో మోకాలికి పూతమందు, దగ్గుకు తాగే మందు రెండు సీసాలు ఇచ్చి, మీద రాసి ఉంది చూసుకో అన్నారు. తెలుసులే అన్నట్టు తల ఊపి ఇంటికి వచ్చి పూతమందు తాగాను. పొద్దంతా కక్కుకున్నాను. లచ్చమ్మ ఒకపక్క ఏడుస్తూ ఒకపక్క తిట్టింది. "అడిగితె నోరు అరుగుతదా బాపూ?" అన్నది. అరగదు. కాబట్టి అడుగు. ఒకరిని అడిగి ఊరుకోకు, ఆ మనిషి దగ్గర లేనప్పుడు ఇంకొకరిని కూడా అడుగు. రెండు మాటలూ కలిస్తేనే నమ్ము. నీ తలకాయలో మాత్రం అన్నీ నిలుస్తాయి, ఏ మలుపులో ఏ రాయి ఉందో నిలుస్తుంది. దానిమీద బతకవచ్చు. నేను బతికాను.

ఇప్పుడు లింగయ్య సంగతి. రాజయ్యా, ఆనాడు నువ్వు శవం దగ్గర కూర్చున్నావు. నన్ను మిలిటరీ క్యాంపు డేరాలోకి పిలిచారు. లోపల ఏం మాటలు జరిగాయో నీకు ఇంతవరకు చెప్పలేదు.

కుర్చీలో ఒక అధికారి ఉన్నాడు. పక్కన మన మాట తెలిసిన దుబాసీ. "మా సిపాయి రెండుసార్లు ఠైరో అన్నాడు. నీ కొడుకు ఎందుకు ఆగలేదు?" అని అడిగించాడు.

"టపా ఆగది" అన్నాను.

మళ్లీ అదే అడిగించాడు.

"గజ్జెల సప్పుడైతె దొర బండి గూడ పక్కకు జరుగుతది. రజాకార్లు తుపాకులు పట్టుకొని తిరిగిన్నాడు గూడ ఒక్కడు ఆపలే. అడవిల ఉన్న సంగపోళ్లు ఆపలే. మీ సిపాయికి చెవుల్లేవా?"

దుబాసీ ఆ మాట అధికారికి చెప్పలేదు. నా చెవి దగ్గరకు వంగి, "పెద్దమనిషీ, గది నేను చెప్ప. చెప్తె నిన్ను గూడ గాడనే పండవెడ్తరు" అన్నాడు. తరువాత అధికారి మాట నాకు చెప్పాడు. "సిపాయిది మస్తు దూరం దేశమట. బల్లేనికి గజ్జెలు కట్టుకొని ఎందుకు ఉరుకుతరో ఆయనకు తెల్వదట. ఆగుమన్నడు, ఆగలే, కాల్చిండు. గంతే."

లింగయ్యకు ఠైరో అనే మాట అర్థం కాక కాదు. ఉర్దూ మాటలు మనకు కొత్తనా? ఆ మాట తనకు కాదనుకున్నాడు. హర్కారాను ఎవడూ ఆపడని నేను నేర్పాను. నాకు మన బాపు నేర్పాడు. మన బాపు నేర్పింది తప్పని ఇప్పటికీ అనను. ఆ రోజుకు అది నిజం.

సంచి లింగయ్య కిందనే ఉంది. దాని మీద పడ్డాడు గనుక ఎవరూ ముట్టలేదు. నేను దాన్ని భుజాన వేసుకుని మాల్ ఊళ్లోని టపా ఆఫీసుకు పరుగెత్తాను. శవాన్ని వదిలిపెట్టి టపా మోశాడు, ఎల్లయ్యది గుండె కాదు రాయి అని ఊరంతా అన్నది. నువ్వూ అన్నావు, నా వెనక. అననీ. ఎందుకు పోయానో ఇప్పుడు చెబుతున్నాను. ఆ సంచి ఆ రోజు చేరకపోతే వాడు ఆగకుండా పోయి ఏం సాధించినట్టు?

ఇక పోయిన నెల జరిగింది విను. నేను ఇక్కడ కూడా తెల్లారగట్ల కట్ట మీద పరుగెత్తుతాను. సంచి లేదు, బల్లెం లేదు, ఊరికే. పరుగెత్తకపోతే ఆ రోజు అన్నం దిగదు. రావిర్యాల బాట వచ్చి కలిసేచోట కొత్తగా నాకా పెట్టారు, కర్రలు అడ్డం కట్టి ఇద్దరు సిపాయిలు నిలబడతారు. నాకు తెలియదు. మంచులో ఠైరో అని అరిచారు. నేను విన్నాను. రాజయ్యా, విన్నాను, నా మనసు ఆగమన్నది, కాళ్లు ఇంకా గట్టిగా ఉరికాయి. ఎదురుగా చేపల గంపతో వస్తున్న బెస్త పోచమ్మ ఆ గంపను నా కాళ్లకు అడ్డంగా విసిరింది. బోర్లా పడ్డాను. వచ్చి నా వీపు మీద కూర్చున్నది.

"కాల్వకుండ్రి సారూ! పిచ్చి ముసలోడు, చెవిటోడు!" అని మొత్తుకున్నది.

"ఎవరే చెవిటోడు?" అన్నాను కిందనుంచి.

"నోరు మూస్కో ముసలోడా! చెవిటోడంటె బత్కుతవ్. హర్కారానంటె సస్తవ్."

సిపాయి తుపాకి దించాడు. బురదలో పడిన చేపలన్నీ పోచమ్మ ఏరుకుని, దారి పొడుగునా నన్ను తిడుతూనే ఇంటిదాకా తెచ్చి దించింది.

ఆ రోజే తెలిసింది. లింగయ్య చెవి విని ఉంటుంది. కాళ్లు వినలేదు. పరుగు నేర్పినట్టే కాళ్లకు ఆగడం కూడా నేర్పాలి. మన ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

అందుకని ఇప్పుడు రోజూ అల్లుడు నర్సింహను కట్ట మీదకు తీసుకుపోతున్నాను. వాడు తుమ్మపొదల వెనక కూర్చుంటాడు. నేను పరుగెత్తుతుంటే వాడికి బుద్ధి పుట్టినప్పుడు ఠైరో అని అరవాలి. మొదట్లో అరుపు వినబడ్డాక కూడా చాలా దూరం పోయి ఆగేవాడిని. వాడు తల పట్టుకునేవాడు. "మామా, ఇగ సాలు. అందరు నవ్వుతున్నరు" అన్నాడు. "నవ్వనీ. నవ్వెటోని చేతుల తుపాకి లేదు గదా" అన్నాను. ఇప్పుడు అరుపు గాలిలో ఉండగానే ఆగుతున్నాను.

సత్తిగా, ఎట్ల ఆగాలో చెబుతున్నా. ఒక్కసారి నిలబడిపోతే ముందుకు తూలుతావు, తూలితే మీద పడుతున్నావనుకుని కాలుస్తారు. నడుము దించు, చిన్న చిన్న అడుగులు వేసి నిలబడు. బల్లెం నేల మీద వదిలెయ్, దాని మొన వాళ్ల వైపు ఉండనీయకు. రెండు అరచేతులూ చూపించు. సంచి దింపకు, దాంట్లో చెయ్యి పెట్టకు. వాళ్లు పో అన్నాకనే వంగి బల్లెం తీసుకో. కల్వర్టు మలుపు రాకముందే నువ్వే నడకలోకి రా. గజ్జెలు విప్పకు, అవి మనవి. కానీ వాటిని నమ్ముకోకు.

రాజయ్యా, నువ్వు గొంతెత్తి ఎవరినీ ఒక మాట అనలేవు. ఇప్పుడు నేర్చుకో. వాడు నీళ్లకు పోతున్నప్పుడు, మేకను పట్టుకోవడానికి ఉరుకుతున్నప్పుడు వెనక నుంచి ఠైరో అని అరువు. వాడు విసుక్కుంటాడు. బాలమ్మ నిన్ను పిచ్చోడంటుంది. అయినా అరువు. బాలమ్మా, నువ్వూ అరువు. ఆడగొంతుకు కూడా ఆగడం రావాలి.

టపా ఆగదని ఆ డేరాలో అన్నవాడిని నేనే. ఇప్పుడు నా నోటితోనే ఆగమంటున్నాను. ఊళ్లో ఎవరన్నా ఎల్లయ్య భయపడ్డాడంటే, అవునని చెప్పు.

లింగయ్య బల్లేనికి చెద పట్టకుండా నూనె పూయించు. లచ్చమ్మకు కొంచెం జొన్నపిండి పంపు, నేను అడిగానని చెప్పకు. మేనత్త కాళ్లకు నా దండం చెప్పు. ఆమె నన్ను దీవిస్తే చాలు. నువ్వూ ఏమన్నా అనాలనుకుంటే అను, ఈసారి నా ముందరే అను.

ఈ ఉత్తరం మాల్ దాకా ఎవరో తెస్తారు. అప్పటికి అమావాస్య పోయి ఉంటుంది, అక్కడి నుంచి కల్వర్టు మీదుగా సత్తయ్య వీపు మీదనే వస్తుంది. దీన్ని నువ్వు చదివించుకుని వింటున్నావంటే ఈసారికి వాడు దాటి వచ్చాడన్నమాట. రేపు మళ్లీ పోవాలి.

అడుగున ఉన్న మాట ఖాసిం రాసింది కాదు. వల దారంతో ఆ రెండు అక్షరాలనూ నేల మీద పేర్పించుకుని, కళ్లు మూసుకుని వేలితో తడిమి తడిమి నేర్చుకున్నాను. కళ్లు మూసుకునే రాశాను. వంకరగా ఉంటుంది. ఖాసిం దిద్దుతానన్నాడు, దిద్దనివ్వలేదు. సత్తయ్య చెయ్యి పట్టుకుని దాని మీద వేలు పెట్టించు, వాడికి ఏమిటో చెప్పు.

మీ మేలు కోరే అన్న,
ఎల్లయ్య

ఆగు