పేరు తీసేసిన మూడు పాఠాలు

ప్రియమైన మామయ్యకి, నమస్కారాలు.

ఉద్యోగంలో చేరి నెల కాలేదు, మా హెడ్డుగారు నా నెత్తిన పెద్ద బండే పెట్టారు. మొదటి సంవత్సరం పొలిటికల్ సైన్సుకి పాఠ్యపుస్తకం నేను ఎంచాలట. పక్షపాతం ఉండకూడదని, రచయితల పేర్లు తీసేసి ‘రాజ్యం’ అనే పాఠాన్ని మూడు చోట్ల నుంచి టైపు చేయించారు. బయటి పెద్దవారి అభిప్రాయం కూడా కావాలన్నారు. జీవితమంతా ఈ పాఠమే చెప్పిన మీకంటే పెద్ద ఎవరు? మూడూ ఈ కవర్లోనే పెట్టాను, చదివి ఏది బాగుందో రాయండి.

మీ మేనకోడలు

తా.క.: వాటిలో మీ పుస్తకం ఉందా అని మాత్రం అడక్కండి. చెప్పకూడదు.

*

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

అడగనులే. నా పుస్తకం చెబుతున్న కాలేజీ ఇప్పుడు మీదొక్కటే మిగిలింది. దాన్ని నువ్వు వదలవని తెలుసు.

మొదటిది చప్పగా ఉంది. రెండోది రాసినవాడెవడో చేతికి దొరికితే వదలను. సార్వభౌమత్వం మీద ఒక వాక్యం పొద్దున్న కాఫీతో మొదలుపెడితే, క్రియాపదం దొరికేసరికి మధ్యాహ్నమైంది. మూడోది అమోఘం! ఇంటిల్లిపాదికీ ఒకటే స్నానాలగది ఉంటే ముందు ఎవరు వెళ్ళాలో ఎవరు తేల్చాలి, ఆ మాట మిగతావాళ్ళు ఎందుకు వినాలి అంటూ రాజ్యాన్ని మొదలుపెట్టడం నాకు తప్ప ఎవరికి చేతనవుతుంది? ఎప్పుడు రాశానో గుర్తులేదు గానీ, నాదే.

మామయ్య

తా.క.: రెండోదాని ధోరణి అచ్చం నాలాగే ఉందని మీ అత్తయ్య అంటోంది. ఆవిడతో మాట్లాడటం మానేశాను.

*

మామయ్యా,

రెండోది ఇంకోసారి నిదానంగా చదవండి. అందులో విషయం బోలెడుంది. రాసినాయన నాకు చాలా కావలసినవారు. కాస్త చూసి మాట్లాడండి, మీకు పుణ్యముంటుంది.

మీ మేనకోడలు

తా.క.: ముందు అత్తయ్యతో మాట్లాడండి.

*

అమ్మడూ,

అర్థమైంది. రెండోది మీ హెడ్డుగారిదన్నమాట! కొత్త ఉద్యోగం, పాపం నోరెత్తలేవు. నువ్వేం బెంగపడకు. ఆ పాఠాన్ని ఉతికి ఆరేస్తూ ఆరు పేజీలు రాసి ఆయనకే పోస్టు చేశాను. ‘ఇది చదివిన కుర్రాడికి రాజ్యం మీదే కాదు, చదువు మీదే విరక్తి పుడుతుంది’ అన్న వాక్యం నాకే ముచ్చటేసింది.

మామయ్య

తా.క.: మీ అత్తయ్య ఒకటే నవ్వుతోంది. మాట్లాడటం మానేశాను కదా, ఎందుకని అడగలేను.

*

మామయ్యా, నన్ను క్షమించండి.

మీ ఆరు పేజీలూ మా పాఠ్యపుస్తకాల కమిటీలో పైకి చదివారు. అందరూ చప్పట్లు కొట్టి రెండోదాన్ని తీసేశారు. అది మీది, మామయ్యా. దాన్ని ఉంచుదామంటే పిల్లల మొహాలు, తీసేద్దామంటే మీ మొహం కళ్ళముందు కనబడ్డాయి. ఉంచమనో తీసేయమనో మీ నోటితోనే అనిపిద్దామనుకున్నాను గానీ, ఇలా కాదు.

మూడోది అసలు ఏ పుస్తకంలోదీ కాదు, క్లాసు కోసం నేను రాసుకున్న నోట్సు. హెడ్డుగారు చూసి కలిపారు. ఇప్పుడు దాన్నే అచ్చువేయిద్దామంటున్నారు. మీ పుస్తకం తీసేసిన చోట నాది పెట్టడానికి మనసొప్పడం లేదు. వద్దని చెప్పేస్తాను.

మీ మేనకోడలు

తా.క.: ఆ స్నానాలగది సంగతి నా చిన్నప్పుడు మీరు చెప్పిందే.

*

పిచ్చిమొద్దూ,

నాలుగుసార్లు ప్రూఫులు దిద్దుకున్నవాణ్ణి, నా పాఠం నేను పోల్చుకోలేనా? మొదటి పేజీలోనే పట్టేశాను. నామీద ప్రేమకొద్దీ దాన్నే ఉంచేస్తావని, నేనే తిట్టి తీసేయించాను. మూడోది నీదని తెలిసే నాదన్నాను. నీదంటే సిగ్గుపడి వెనక్కి తీసుకుంటావు. ఇప్పుడు వద్దన్నావో, నేనే వచ్చి మీ హెడ్డుగారి గదిలో కూర్చుంటాను.

మామయ్య

తా.క.: అమ్మా, నేను మీ అత్తయ్యని. కవరు అంటించమని నాకిచ్చారు. ఈయన మాటలు నమ్మకు. నీ ఉత్తరం వచ్చేదాకా ఈయనకేమీ తెలియదు. ఒక రోజంతా తన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మర్నాడు నీ నోట్సు తీసి నాకు పైకి చదివి వినిపించారు. ఇన్నేళ్ళ కాపురంలో ఈయన చెప్పే పాఠమేమిటో నాకిప్పటికి అర్థమైంది. అచ్చువేయించు తల్లీ.