బంకులున్న క్యాంపరే కావాలి

ఏవండీ, నేను డ్యూటీకి వెళ్తున్నా. పదింటికి నేపర్‌విల్ వెళ్లి దైవాశీర్వాదం అంకుల్ అమ్ముతున్న పాత క్యాంపర్ బండి చూసి రండి. చర్చి పెద్ద కదా అని మొహమాటపడి, కాఫీ తాగి, ప్రార్థన చేయించుకుని, సరేననేసి వచ్చేయకండి. బంకు మంచాల మీద పరుపులెత్తి చూడండి. నేల మూలల్లో కాలితో నొక్కండి, మెత్తగా దిగిందంటే నీళ్లు కారి చెక్క కుళ్లినట్టే.

పగలు బల్ల, రాత్రి మంచం అయ్యే రకం మాత్రం వద్దు. పోయినేడు ట్రిప్పులో పిల్లలు బల్ల మీద నిద్రపోతే నేను సింకు దగ్గర నిలబడి అన్నం తిన్నాను. మీరు గురక పెట్టారు.

పెసరట్టు పిండి ఫ్రిజ్‌లో ఉంది.

పర్సిస్

మరిచాను. పైబంకులో మీరే కాళ్లు చాపి పడుకుని చూడండి. మన కెన్నీ అప్పుడే మీ భుజం దాకా వచ్చాడు. మీ అంతయ్యాక కూడా వాడు మనతో రావాలి.