పట్టకారు పట్టినవాడే అధ్యక్షుడు

మెల్‌బోర్న్, మార్చి

మొండి నాన్నకి, నీకంటే మొండి కూతురు ప్రేమతో రాసేది.

ఫోన్ చేస్తే పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. తండ్రేమో తోటల యజమానుల సంఘానికి అధ్యక్షుడు, కూతురేమో ప్యాకింగ్ షెడ్డు యూనియన్‌కి కార్యదర్శి. మా షెడ్డు సమ్మె తర్వాత మనింట్లో ఉప్పూ నిప్పే కదా! కానీ ఇవాళ యూనియన్ పని మీద వచ్చి ఇక్కడి కోర్టులో విన్నది నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేట్టుంది.

ఒకే రోజు రెండు తీర్పులు నాన్నా! ఒకటి డ్రైవర్ల యూనియన్ మీద, రెండోది లారీ యజమానుల సంఘం మీద. రోజూ జుట్లు పట్టుకునే వాళ్ళిద్దరూ చేసిన తప్పు మాత్రం ఒకటే. రహస్య ఓటు లేదు, చట్టప్రకారం సంఘాల ఎన్నికలు జరపాల్సిన ఎన్నికల కమిషన్‌ని పిలిచింది లేదు, పదవులన్నీ చప్పట్లు కొట్టి పంచేసుకున్నారు. "మాకు దురుద్దేశం లేదండీ, ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం" అన్నాడు యజమానుల తరఫు ముసలాయన. జడ్జిగారు కళ్ళజోడు తీసి, "అలవాటు ఎంత పాతదైనా చట్టం అయిపోదు. ఇంకొకరిని ఎన్నుకునే దారే లేకుండా చేశారు మీ సభ్యులకి. మీ అంతట మీరే ముందొచ్చి చెప్పుంటే జరిమానా ఇంత పడేది కాదు" అన్నారు. పాపం, ఆయన తల వంచేసుకున్నాడు.

మరి మనం? పియర్ పళ్ళ కోతలయ్యాక మీ సంఘం బార్బెక్యూలో, అందరికంటే పెద్దవాడైన బ్రోగన్ తాత మాంసం కాల్చే పట్టకారు నీ చేతికి ఇస్తాడు, అందరూ బల్లలు చరుస్తారు, నువ్వు మళ్ళీ అధ్యక్షుడివి! నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే తంతు. నవ్వకు, మాదీ అంతే. టీ విరామంలో "కాదనేవాళ్ళున్నారా?" అని అడుగుతారు. నోటినిండా బిస్కెట్లు కుక్కుకున్నవాళ్ళు ఏం కాదంటారు? నేను గెలిచింది అలాగే.

అందుకే మా కమిటీని ఒప్పించాను. మా తప్పు మేమే అధికారులకి చెప్పేస్తున్నాం. నేను కుర్చీ దిగి ఓటుకి నిలబడతాను. మా షెడ్డులోనే పనిచేసే నోరీన్ పోటీ చేస్తుందట, ఆవిడ మాటకారి. ఓడితే మళ్ళీ పళ్ళ పెట్టెలు సర్దుకోవాలి. భయంగానే ఉంది, అయినా కాలు ఒకచోట నిలవడం లేదు! నువ్వూ దిగు నాన్నా. నిన్ను ఆ ముసలాయనలా బోనులో చూడలేను.

నీ గొంతే వచ్చిన
లొరెదానా


షెపర్టన్, జూన్

బంగారుతల్లీ లొరెదానా,

మీ నాన్న రాయడు కాబట్టి నేను రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు. "నాకు ఓట్లేంటి? ఈ చుట్టుపక్కల నన్ను కాదనే మగాడెవడు?"

"అంత నమ్మకమైతే పెట్టించు, భయమెందుకు?" అన్నాను.

అలిగాడు. అన్నం ముందు కూర్చుని కూడా అలిగాడు. తర్వాత ఓ సోమవారం పొద్దున్నే తనే అధికారులకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మీరే చెప్పారు కాబట్టి సరిదిద్దుకుంటే చాలు" అన్నారట. ఆ రోజు రెండు ప్లేట్లు పాస్తా తిన్నాడు.

నువ్వు గెలిచావని పేపర్లో చూసి వంటింట్లో గంతులేశాను. మీ నాన్న "ఊఁ" అన్నాడంతే, కానీ ఆ పేపరు చెత్తలో వెయ్యనివ్వలేదు.

ఇక ఇక్కడి సంగతి విను. ఓటు కాగితాలు పోస్టులో ఇంటింటికీ వచ్చాయి. తోటలో భాగమున్న ఆడవాళ్ళమూ సభ్యులమే కదా! ఇన్నేళ్ళూ మగాళ్ళు పొయ్యి చుట్టూ చేరి అధ్యక్షుణ్ణి చేసుకుంటుంటే మేం లోపల సలాడ్లు కలుపుతూ ఉండిపోయాం. ఈసారి నేనూ నామినేషన్ వేశాను. మీ నాన్నకి చెప్పే వేశాను. "నీకెవరు వేస్తారే?" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

నిన్న ఫలితం వచ్చింది. నేను గెలిచానే పిల్లా! బ్రోగన్ తాత భార్య అయితే నన్ను ఎత్తి తిప్పబోయి నడుం పట్టేసుకుంది.

మీ నాన్న చాలాసేపు చెట్ల మధ్య తిరిగొచ్చాడు. "నువ్వు ఓటు ఎవరికేశావు?" అన్నాను. "రహస్య ఓటు. చెప్పను" అని అటు తిరిగి నవ్వుకున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వచ్చే నెల కూలి రేట్ల చర్చల్లో నీ ఎదురుగా కూర్చునేది నేనే. అమ్మ కదా, మెత్తగా ఉంటుందనుకునేవు, గట్టిగా తయారై రా. నన్ను మీ నాన్నే కార్లో దింపుతాడట. కాస్త ముందుగానే బయల్దేరదామంటున్నాడు, నీతో మాట్లాడాలట.

మీ అమ్మ, అధ్యక్షురాలు
ఒర్తెన్సియా