ఆరు ఓల్టుల మొగుడికి

బతికున్నన్నాళ్లూ నిన్ను 'మీరు' అన్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక 'నువ్వు' అనే అంటాను.

నీ పాత కారుకు ఇప్పటి కార్లన్నిటికీ ఉండే పన్నెండు ఓల్టుల బ్యాటరీ పెట్టించాను. డైనమో, కాయిల్, బల్బులు కూడా మార్పించాను. "అన్నయ్య ఉంటే ఒప్పుకునేవాడా వదినా?" అని నీ తమ్ముడు అడిగాడు. "ఒప్పుకోడనేగా చేయిస్తున్నది!" అన్నాను.

కంపెనీ బిగించిన ఆరు ఓల్టులే ఉండాలి, లేకపోతే కారు పరువు పోతుందనేవాడివి. నా పరువు సంగతి నీకెప్పుడూ పట్టలేదు. ఆ ఆరు ఓల్టులతో ఇంజను ఒక పట్టాన అందుకునేది కాదు. నువ్వు దర్జాగా స్టీరింగ్ ముందు కూర్చునేవాడివి, నేను వెనక నుంచి తోసేదాన్ని. మా చెల్లెలి పెళ్లికి వెళ్తూ పొన్నూరు సెంటర్లో పట్టుచీరతో తోశాను. మిరపకాయల లారీవాళ్లు సాయానికి దిగితే, "అక్కర్లేదయ్యా, మా ఆవిడ తోస్తుంది" అన్నావు. అదేదో నాకు బిరుదిచ్చినట్టు! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇవాళ పొద్దున ఎలక్ట్రీషియన్ నీ సీట్లో కూర్చుని సెల్ఫ్ కొట్టబోయాడు. "ఏవండీ, తొయ్యనా?" అని అతనికి వెనక నుంచి వినపడింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇక తొయ్యక్కర్లేదమ్మా" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. నా రెండు చేతులూ డిక్కీ మీదే ఉన్నాయి.

నవ్వకు.