లేచి వెళ్లిన ప్రేక్షకుడు

జూలై 4, 1999. ఆదివారం

ఇంటర్వెల్‌లో వచ్చేశాను. శామ్యూల్‌ని సీట్లోనే వదిలేసి. చెప్పకుండా.

సినిమా బాగుంది — అదే బాధ. బొంబాయిలో పెళ్లిళ్లకి బ్యాండు వాయించేవాడొకడు, వంటల కాంట్రాక్టరొకడు. ఊరందరి పెళ్లిళ్లలోనూ ఎదురుపడతారు, పోట్లాడుకుంటారు, ప్రేమలో పడతారు. ఇద్దరూ మగవాళ్లే. ఇలాంటి కథని ఇంత హాయిగా నవ్వుకుంటూ చూడొచ్చని నాకు తెలీదు. చీకట్లో శామ్యూల్ చెయ్యి నా చేతిలోనే ఉంది. లైట్లు వెలిగాయి. రెండు వరసల ముందు మా ఆఫీసు యాదగిరి, యాడ్స్ చూసేవాడు... వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"ఏంది భాయ్, నువ్వు గూడ వచ్చినవా?"

చెయ్యి లాక్కున్నాను. లేచాను. మదీనాగూడలో ఇంటిదాకా బస్సులో నిలబడే వచ్చాను, సీట్లు ఖాళీగా ఉన్నా.

జూలై 5

మా వెబ్‌సైటులో ప్రతి రివ్యూకీ పైన "టాక్" అని ఒక లైను ఉండాలి — చూసిన జనం ఏమన్నారో. పాఠకులు అదొక్కటే చదువుతారని మా ఎడిటర్ మల్లారెడ్డి అన్నకి నమ్మకం.

"ఫిలిం క్లబ్బుల చూసినవంట గదా, యాదగిరి ఫోన్‌ల చెప్పిండు. రాయి మరి. టాక్ ఏంది?"

గదిలో అందరూ నా మొహంలోకే చూస్తున్నట్టు అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు —

"సగంలనే జనం లేచిపోయిన్రన్నా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత కూర్చుని రాశాను. "రెండో సగం సాగదీశారు, ముగింపు తేలిపోయింది." రెండో సగం నేను చూడనేలేదు. ఒక్క స్టారు. కింద నా పేరు.

జూలై 6

శామ్యూల్ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

జూలై 8

పేపర్లలో వచ్చింది. ఒకరేమో "ప్రేక్షకులు భరించలేక బయటికి పరుగులు తీశారట" అని. ఇంకొకరు "ఇలాంటి సినిమాలకు హైదరాబాద్ జనం సరైన తీర్పు చెప్పారు" అని. రాసినవాళ్లెవరూ సినిమా చూసినట్టు లేరు. నా మాటలే, నా తప్పులతో సహా. నేనొక్కణ్ణి లేస్తే జనమైపోయింది!

మల్లారెడ్డి అన్న భుజం తట్టారు. "మన టాకే అందరు ఎత్తుకున్నరు. జబర్దస్త్!" సిగ్గుతో చచ్చాను. అయినా థ్యాంక్స్ అన్నాను.

జూలై 10

క్యాంటీన్‌లో యాదగిరి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"గట్లెందుకు రాసినవ్ భాయ్? ఎవ్వరు లేవలే. నువ్వొక్కనివే పోయినవ్. తబియత్ బాగలేదేమో అనుకున్న."

టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నాను.

"వచ్చే వారం ఇంకో షో ఉండె. మా ఆమెను గూడ తీస్కపోదమనుకున్న, మస్తు నవ్వుతది. ఇప్పుడది క్యాన్సిల్. పేపర్ల చూసి హాలాయన భయపడ్డడంట."

ఎవరికి భయపడి పరిగెత్తానో, ఆ మనిషి భార్యని తీసుకెళ్దామనుకున్నాడు. టీ చల్లారిపోయింది. తాగేశాను.

జూలై 11. ఆదివారం

బాలానగర్ వెళ్లాను, శామ్యూల్ గదికి. దవాఖానలో డ్యూటీ దిగి వచ్చి తెల్ల చొక్కాలు ఉతుక్కుంటున్నాడు. మగ నర్సంటూ ఎవరైనా వేళాకోళం చేస్తే వాళ్లతోపాటు తనూ నవ్వేసే మనిషి. ఇవాళ నవ్వలేదు.

"రండి, కూర్చోండి" అన్నాడు. రెండేళ్లలో ఎప్పుడూ నన్ను అండి అనలేదు.

క్షమించమన్నాను. వదిలేసి వచ్చినందుకు.

"అందుక్కాదండి. భయం నాకూ ఉందిగా. కానీ ఆ రోజు అంతమంది నవ్వారు. మన పక్కన కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వారు. అదంతా జరగలేదని రాసేశారు మీరు."

చొక్కా పిండుతూనే ఉన్నాడు, నీళ్లు రాకపోయినా.

"మనల్ని చూసి కూడా జనం లేచిపోరేమోనని మొదటిసారి అనిపించింది నాకు. అదొక్కటీ మిగల్చలేదు."

గుమ్మం దాకా కూడా రాలేదు. రావాలని ఎలా అడగను? ఛీ, నా బతుకు.

జూలై 12

పొద్దున్నే మల్లారెడ్డి అన్న బల్ల దగ్గర నిలబడ్డాను.

"అన్నా, ఆ టాక్ తప్పు. మార్చాలె. ఎవరు లేవలే."

"లేవలేదా? మరి లేసినోడెవడు?"

"నేనే."

"సినిమా బాగలేకనా?"

"బాగుందన్నా. మస్తుంది."

"మరెందుకు లేసినవ్?"

కీబోర్డుల చప్పుడు ఆగింది. యాదగిరి తల వంచుకుని కప్పులోకి చూస్తున్నాడు. కడుపునొప్పి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సులువో! అనలేదు. ఇంకేమీ కూడా అనలేదు. అన్న తన తెర వైపు తిరిగి, "పో, రాసుకరా. చూద్దం" అన్నారు.

రాశాను. "ఆ రోజు హాల్లోంచి లేచి వెళ్లింది ఒక్కడే — ఈ రివ్యూ రాసినవాడు. ఎందుకంటే..."

సాయంత్రం దాకా ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఒకసారి "మా ఆఫీసతను నన్ను చూశాడు" అని టైపు చేశాను. అబద్ధం కాదు. కానీ చూస్తే ఏం? అని అడుగుతారుగా. కొట్టేశాను. ఆఫీసులో లైట్లు ఆర్పుతుంటే యాదగిరి నా కుర్చీ వెనకనుంచి వెళ్లాడు... ఆగాడనుకుంటాను. చదివాడో లేదో తెలీదు. నేను తెరకి చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు.