శ్రీధర్ చెయ్యి ఎత్తింది నేనే

జూలై 6, ఆదివారం

చేయకూడని పని చేశాను. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పుకోలేను.

కొండాపూర్‌లో సూపర్‌మార్కెట్ పైన మూడో అంతస్తు హాలు, మా చర్చి. శ్రీధర్ నైట్ షిఫ్ట్ దిగి నేరుగా నన్ను తీసుకొచ్చాడు. పక్కనే కూర్చున్నాడు. పది నిమిషాల్లో నిద్ర. పెళ్ళైన ఏడేళ్ళుగా ఇంతే. తన దేవుళ్ళు తనకున్నారు, నా కోసం వచ్చి కునుకు తీస్తాడు. చివర్లో పాస్టరు అయ్యగారు: "అందరూ కళ్ళు మూసుకోండి. ప్రభువును నమ్ముకుంటామని తీర్మానించుకున్నవాళ్ళు చెయ్యెత్తండి." నేను మూసుకోలేదు. శ్రీధర్ మోచేతి కింద చెయ్యి పెట్టి... ఎత్తాను.

"చూశాను బాబూ. స్తోత్రం. దించండి."

దించాను.

కళ్ళు మూసుకున్నది ఎందరో గానీ, బయటికొచ్చాక అందరూ వచ్చి తన చెయ్యి పట్టుకుని ఊపేశారు. పాపం, ఎందుకో తెలియకుండానే "థ్యాంక్సండి, థ్యాంక్సండి" అంటూ తిరిగాడు.

జూలై 7, సోమవారం

లింగంపల్లి నుంచి అమ్మ ఫోన్. అప్పుడే ఎవరో చేరవేశారు. "దేవుడు నా మొర ఇన్నడు బిడ్డా. ఇగ శుక్రవారం ఉపవాసాలు ఇడిసిపెడ్త." అల్లుడి కోసం ఏడేళ్ళుగా వారం వారం పస్తులున్న మనిషి. "సరే అమ్మా" అన్నాను. ఎంత సిగ్గేసిందో.

జూలై 9, బుధవారం

దొరికిపోయాను. చెయ్యెత్తారు కదా, బాప్తిస్మం క్లాసుకి రండని శ్రీధర్‌కి చర్చి నుంచి మెసేజ్. "నేనెప్పుడు చెయ్యెత్తాను?"

చెప్పేశాను. తిడతాడనుకున్నా. టీ పొలమారేలా నవ్వాడు. "మీ అయ్యగారు చెప్పేది అదేగా, రక్షణ మన క్రియల వల్ల కాదు, కృప వల్ల అని. నేను నిజంగా ఏ పనీ చెయ్యలేదు. పడుకున్నాను. నాకంటే కరెక్టు కేసు ఎవరుంటారు?"

నేనూ నవ్వాను. తర్వాత తను కప్పులు కడుగుతూ, అటు తిరిగే, మెల్లగా: "మెలకువగా ఉన్నప్పుడు అడిగుంటే ఎత్తేవాణ్ణేమో. నువ్వు ఒక్కసారీ అడగలేదు."

నిజమే. ప్రార్థన చేశాను, అలిగాను, కారులో పాటలు పెట్టాను. అడగలేదు. కాదంటాడని భయం.

జూలై 12, శనివారం

వద్దన్నా క్లాసుకి వచ్చాడు. ఊరుకోడుగా!

"నమ్మడం కూడా మనం చేసే పనేగా అండీ? మారుమనస్సు, అదే, చేసినదానికి పశ్చాత్తాపపడటం, అదీ అంతేగా? నేను నమ్మాను, పక్కాయన నమ్మలేదు... అప్పుడది నా గొప్పే అవుతుంది కదండీ?"

అయ్యగారు: "ఆకలితో ఉన్నవాడికి అన్నం పెడితే తిన్నాడు బాబూ. తినడం వాడి సంపాదన అంటామా?"

"మరి వాడు నిద్రపోతుంటే పక్కవాళ్ళు నోట్లో పెడితేనండీ?"

అందరూ నవ్వారు. అయ్యగారు కూడా. నేను నేల చూపులు.

జూలై 13, ఆదివారం

ఆ ప్రశ్న వదలడం లేదు.

పద్నాలుగేళ్ళప్పుడు యూత్ క్యాంపులో ఏడ్చి ప్రార్థన చేశాను. ఆ తేదీ ఇప్పటికీ చెబుతాను. ఎలా నమ్మానో చర్చిలో సాక్ష్యం చెప్పిన ప్రతిసారీ ఏడుపు కాస్త పెరుగుతుంది కూడా. క్రియలు కాదు, కాదు అంటూనే ఆ తేదీని, ఆ కన్నీళ్ళని నా ఖాతాలో భద్రంగా దాచుకున్నాను. శ్రీధర్‌కి తేదీ లేదు, ఏడుపు లేదు. అందుకే నాకు కంగారు. ఏదో ఒకటి ఉండాలి కదా అని తన చెయ్యి నేనే పైకి లాగాను.

ఆఫీసులోనూ ఇదే బుద్ధి. టీమ్‌లో ఎవరి పని కాస్త ఆలస్యమైనా లాక్కుని చేసేస్తాను.

పోనీ, నమ్మకం కూడా దేవుడు ఇచ్చేదే అయితే... శ్రీధర్‌కెందుకు ఇవ్వలేదు ఇంకా? తను లేని పరలోకం నాకక్కర్లేదనిపిస్తుంది. రాసేశాను. కొట్టెయ్యను.

జూలై 16, బుధవారం

ప్రార్థనకి కూర్చున్నాను. మాట రాలేదు. లేచిపోయాను.

జూలై 19, శనివారం

క్లాసు అయ్యాక అయ్యగారికి చెప్పేశాను. బల్ల మీది బైబిళ్ళన్నీ ఒకచోట పేర్చారు. తర్వాత అడిగారు: "చేసినందుకు బాధపడుతున్నావా అమ్మా?"

అవునని చెప్పబోయాను. నోరు రాలేదు. ఎందుకంటే రేపు శ్రీధర్ నిజంగా నమ్మితే, ఆ రోజు ఎత్తడమే మంచిదైందని లోపల సంతోషిస్తాను. నన్ను నేనెరుగుదును.

"బాధ రావడం లేదండీ. దొరికిపోయానన్న సిగ్గే ఉంది" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "అయితే ఆ బాధ కూడా దేవుణ్ణే అడుక్కో తల్లీ. 27న బాప్తిస్మాలు. లిస్టులో పేరు ఉంచాలో తీసెయ్యాలో అబ్బాయే నాకు చెప్పాలి. నువ్వు అతన్ని అడగొద్దు. ఒక్క మాట కూడా."

దారంతా ఒకటే ఆలోచన. మారుమనస్సు నేను చేసే పనే అయితే ఈపాటికి చేసి పారేసేదాన్ని. పనులు చేయడం నాకు బాగా వచ్చు. ఇది రావడం లేదు.

జూలై 20, ఆదివారం

అమ్మకీ చెప్పాను. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"గట్ల జేస్తరా బిడ్డా ఎవలన్న?" మళ్ళీ తనే, "సరె తియ్. శుక్రవారం నుంచి మళ్ల ఉపవాసముంట."

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఈసారి ఎవరికీ సాక్ష్యం చెప్పడానికి పనికిరాని ఏడుపు. బాధంటే ఇదేనా? తెలీదు.

జూలై 24, గురువారం

శ్రీధర్ ఏమీ అనడు. నేను అడగను. ఇంట్లో కూర గురించి మాత్రం బ్రహ్మాండంగా మాట్లాడుకుంటున్నాం.

జూలై 26, శనివారం

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రేపెన్నింటికి బయల్దేరాలి?"

ప్రతి శనివారం అడిగేదే. అదే గొంతు. మొహంలో ఏదైనా ఉందా అని వెతికాను. గడ్డం గీసుకోలేదు, అంతే.

"ఎనిమిదిన్నరకి" అన్నాను.

"సరే" అని ఇంకా అక్కడే నిలబడ్డాడు. అడగమనేనా? పేరు ఉంచావా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఏడేళ్ళలో తన విషయంలో నేను ఏమీ చేయకుండా ఊరుకోవడం ఇదే మొదలు. ఇంత కష్టమని తెలీదు.

కాసేపు చూసి, లోపలికి వెళ్ళిపోయాడు.