లాప్‌టాప్ లోపలి మిషను

ఒరే రమణా,

నువ్వు పోయి నేటికి రెండేళ్లు. నీ ప్రోగ్రాం బతికిందిరా! ఈ ముక్క నీకు కాక ఎవరికి రాయను?

పుస్తకాన్ని పైకి చదివి వినిపించే నీ ప్రోగ్రాం, ఎవరూ పెద్దగా వాడని ఏదో ప్రాసెసర్ మీద తెరవగానే క్రాష్ అవుతోందట. అన్ని రకాల ప్రాసెసర్ల మీదా నడవకపోతే జాబితాలోంచి తీసేయడమే, ప్రోగ్రాంలు ఊరికే పంచే మీ బృందం నియమమట. నీ నేస్తం శ్రీను, మనింట్లో పనసపొట్టు కూర తిని వేళ్లు నాక్కున్నవాడే, "ఎవడు బాగుచేస్తాడు, తీసి పారేద్దాం" అని బృందంలో అందరికీ రాశాడు. ఛీ! నువ్వు వచ్చి అడగవనే కదా ఆ ధైర్యం.

నీ చెల్లి లక్ష్మి ఊరుకోలేదు, తనే బాగుచేస్తానంది. ఆ ప్రాసెసర్ ఉన్న మిషను మనకెక్కడిదే అన్నాను.

"లాప్‌టాప్ లోపలే ఒకటి కట్టీసినాను నాన్నా. వర్చువల్ మిషను అంతారు, ప్రోగ్రాంతో కట్టిన ఉత్తుత్తి మిషను. సూడు, అన్నయ్య ప్రోగ్రాం ఇందులోనూ పడిపోతన్నాది."

నేను లాప్‌టాప్ ఎత్తి అడుగున చూశాను.

"కింద ఏటి ఎతుకుతన్నావు?" అని పడీపడీ నవ్వింది.

ఆ ప్రాసెసర్ అంకెల్ని మిగతావాటిలా కాక అటు చివరి నుంచి చదువుతుందట. ఒక్క లైనులో నువ్వు ఆ సంగతి మరిచావట. అది సరిచేయగానే ప్రోగ్రాం నడిచింది.

శ్రీను సిగ్గులేకుండా ఫోన్ చేసి, "బాబాయ్, మన ప్రోగ్రాం బతికిపోనాది" అన్నాడు. మనదట! అసహ్యం వేసి ఫోన్ పెట్టేశాను.

తప్పు నీదేనని లక్ష్మి భయపడుతూ చెప్పింది. నేను మాత్రం వీధంతా జిలేబీ పంచాను. ఇన్నాళ్లకి నీ గురించి నాకు తెలియని కబురొకటి వచ్చింది కదరా.

మీ నాన్న